థిన్ కంట్రోలర్లకు యూనిట్ టెస్టులు రాయాలా? తేల్చుకునే పద్ధతి, వరుస క్రమంలో

కంట్రోలర్ (రిక్వెస్ట్ అందుకునేది), సర్వీస్ (వ్యాపార నియమాలు ఉండేది), రిపాజిటరీ (డేటాబేస్‌తో మాట్లాడేది) అని లేయర్లుగా కట్టిన ప్రాజెక్టుల్లో పనిచేసేవాళ్లు పదేపదే అడిగే ప్రశ్న ఇది: "కంట్రోలర్‌లో ఏమీ లేదు, సర్వీస్‌ని పిలిచి వచ్చినదాన్ని తిరిగి ఇవ్వడమే. దానికీ యూనిట్ టెస్ట్ రాయాలా?" (యూనిట్ టెస్ట్ అంటే ఒక చిన్న కోడ్ ముక్కను విడిగా పరీక్షించేది. ఇలా తనలో ఏమీ పెట్టుకోని కంట్రోలర్‌నే థిన్ కంట్రోలర్ అంటారు.) టీమ్‌లో ఒకరు అన్నిటికీ రాయాల్సిందే అంటారు, ఇంకొకరు దండగ పని అంటారు. ఆ వాదన తెగక పుల్ రిక్వెస్ట్ (కోడ్ మార్పును కలపమని అడిగేది) రోజుల తరబడి అక్కడే ఆగిపోతుంది.

నా సమాధానం ముందే చెప్పేస్తాను. సర్వీస్‌ని మాక్ చేసి (అంటే దాని స్థానంలో నకిలీ ఆబ్జెక్ట్ పెట్టి) కంట్రోలర్ మెథడ్‌ని నేరుగా పిలిచే టెస్ట్, థిన్ కంట్రోలర్‌కు చాలావరకు అక్కర్లేదు. అలాగని కంట్రోలర్‌ని టెస్ట్ లేకుండా వదిలేయకూడదు. యూఆర్ఎల్, వ్యాలిడేషన్, స్టేటస్ కోడ్, జేసన్ (డేటా పంపే టెక్స్ట్ ఫార్మాట్) ఆకారం, ఎవరికి అనుమతి ఉంది ఎవరికి లేదు — మన ఏపీఐ బయటివాళ్లకు ఇచ్చిన మాటంతా ఉండేది అక్కడే. దాన్ని హెచ్‌టీటీపీ రిక్వెస్ట్ పంపి టెస్ట్ చేయాలి.

ఏ కంట్రోలర్‌కు ఏ టెస్ట్ సరిపోతుందో తేల్చుకునే క్రమం కింద ఉంది. ఉదాహరణలన్నీ జావా వెబ్ ఫ్రేమ్‌వర్క్ అయిన స్ప్రింగ్ బూట్ 3లో, బస్ టికెట్లు బుక్ చేసే ఒక ఊహా అప్లికేషన్ మీద. డాట్‌నెట్, రైల్స్ వాళ్లకు విడిగా ఒక భాగం ఇచ్చాను.

## 1. మొదలుపెట్టే ముందు చేతిలో ఉండాల్సినవి

టెస్ట్ ఫైల్ తెరవకముందే ఈ సమాచారం పోగేసుకోండి. ఒక పూట చాలు.

- కంట్రోలర్ల జాబితా, ఒక్కో దానిలో ఎన్ని ఎండ్‌పాయింట్లు (బయటి నుంచి పిలవగలిగే యూఆర్ఎల్‌లు) ఉన్నాయో.
- ఒక్కో ఎండ్‌పాయింట్‌ని ఎవరు వాడుతున్నారు: మన వెబ్ పేజీయా, మొబైల్ యాపా, బయటి కంపెనీయా.
- ఈ మధ్య ప్రొడక్షన్‌లో వచ్చిన బగ్స్‌లో కంట్రోలర్ ఫైల్ మార్చి సరిచేసినవి. గిట్ చరిత్రలో ఆ ఫైళ్ల కమిట్లు చూస్తే తెలిసిపోతుంది.
- ఇప్పుడున్న టెస్టులన్నీ నడవడానికి పట్టే సమయం.
- బిల్డ్‌లో కవరేజ్ గేట్ (టెస్టులు కోడ్‌లో కనీసం ఇంత శాతాన్ని నడపాలన్న నియమం) ఉందా, ఉంటే ఎంత శాతం.

రెండో అంశాన్ని చాలామంది దాటేస్తారు. మన వెబ్ పేజీ మాత్రమే వాడే ఎండ్‌పాయింట్ విరిగితే రెండింటినీ కలిపి సరిచేసి పంపొచ్చు. మొబైల్ యాప్ వాడేది విరిగితే, పాత వెర్షన్ ఫోన్లలో అలాగే ఉంటుంది. యూజర్ అప్‌డేట్ చేసుకునేదాకా మన చేతిలో ఏమీ ఉండదు. టెస్ట్ ఎంత గట్టిగా ఉండాలో నిర్ణయించేది ముఖ్యంగా ఇదే.

## 2. కంట్రోలర్ నిజంగా థిన్‌గానే ఉందా?

"మా కంట్రోలర్లు థిన్" అని అందరూ అంటారు. ఫైల్ తెరిచి చూస్తే కథ వేరేగా ఉంటుంది. నిజమైన థిన్ కంట్రోలర్ మెథడ్ చేసే పనులు నాలుగే: రిక్వెస్ట్ తీసుకోవడం, ఒక సర్వీస్ మెథడ్‌ని పిలవడం, వచ్చినదాన్ని రెస్పాన్స్ ఆకారంలోకి మార్చడం, సరైన స్టేటస్ కోడ్‌తో పంపడం.

కింది వాటిలో ఒక్కటి కనిపించినా అది థిన్ కాదు:

- వ్యాపార నియమం మీద ఆధారపడ్డ ఇఫ్. బయలుదేరే సమయానికి ఇంకా ఎన్ని గంటలుంది లాంటిది.
- డబ్బు, తేదీలు, శాతాల లెక్కలు.
- రెండు మూడు సర్వీసులను ఒక క్రమంలో పిలవడం. మొదటిది పనిచేసి రెండోది ఫెయిలైతే ఏం చేయాలన్న ప్రశ్న వెంటనే వస్తుంది.
- రిపాజిటరీని నేరుగా ఇంజెక్ట్ చేసుకోవడం.
- ట్రాన్సాక్షనల్ యానొటేషన్ (యానొటేషన్ అంటే కోడ్ మీద పెట్టే @ గుర్తు; ఇది డేటాబేస్ మార్పులను ఒకే కట్టగా చేస్తుంది).
- ఎక్సెప్షన్‌ని పట్టుకుని, దాని మెసేజ్‌లోని మాటలు చూసి స్టేటస్ కోడ్ ఎంచుకోవడం.

మన ఉదాహరణలో టికెట్ రద్దు చేసే మెథడ్ చూద్దాం. బుకింగ్‌ని తెస్తుంది, ఇప్పటి సమయం తీసుకుంటుంది, బస్సు బయలుదేరడానికి 24 గంటల పైన ఉంటే ఇంత, 4 గంటల లోపైతే సున్నా అని రీఫండ్ లెక్క కడుతుంది, పేమెంట్ సర్వీస్‌ని పిలుస్తుంది, ఎస్ఎంఎస్ పంపుతుంది. మొత్తం ముప్ఫై లైన్లే. ముప్ఫై లైన్లుంటే థిన్ అనుకోవడం పొరపాటు. లైన్లు లెక్కపెట్టకండి, ఆ మెథడ్ తనంతట తాను తీసుకునే నిర్ణయాలు లెక్కపెట్టండి.

## 3. థిన్ కాకపోతే ముందు చేయాల్సిన పని

ఇలాంటి కంట్రోలర్‌కు అలాగే యూనిట్ టెస్ట్ రాయడం మొదలుపెడితే మూడు సర్వీసులకు మాకులు, గడియారానికో మాక్, మెసేజ్ పంపేదానికో మాక్ కావాలి. టెస్ట్ కోడ్ అసలు కోడ్ కన్నా పెద్దదవుతుంది. అంత కష్టపడి రాసినది కాబట్టి తర్వాత ఎవరూ ఆ కోడ్‌ని కదిలించరు. అందుకే ఈ క్రమం పాటించండి:

1. ఇప్పుడున్న ప్రవర్తనను పట్టి ఉంచేలా, రిక్వెస్ట్ పంపి రెస్పాన్స్ చూసే టెస్టులు రెండు మూడు రాయండి. ప్రవర్తన తప్పని అనిపించినా ఇప్పుడు మార్చకండి.
2. రీఫండ్ లెక్కను ఒక చిన్న క్లాస్‌లోకి మార్చండి. బయలుదేరే సమయం, ఇప్పటి సమయం, టికెట్ ధర ఇస్తే రీఫండ్ మొత్తం ఇవ్వాలి. దానికి స్ప్రింగ్ తెలియాల్సిన పనే లేదు.
3. ఆ క్లాస్‌కు మామూలు యూనిట్ టెస్టులు రాయండి. సరిగ్గా 24 గంటలు, దానికి ఒక నిమిషం తక్కువ, సరిగ్గా 4 గంటలు, బస్సు వెళ్లిపోయాక — అంచుల దగ్గరి కేసులన్నీ ఇక్కడే.
4. పేమెంట్, ఎస్ఎంఎస్ పిలుపుల క్రమాన్ని సర్వీస్‌లోకి దించండి.
5. మొదటి అడుగులో రాసిన టెస్టులు ఇంకా పాస్ అవుతున్నాయో లేదో చూడండి.

ఇది పూర్తయ్యాక కంట్రోలర్‌లో మిగిలేది నాలుగైదు లైన్లు. "యూనిట్ టెస్ట్ కావాలా" అన్న ప్రశ్న అడగాల్సింది ఇప్పుడు.

## 4. నేరుగా పిలిచే టెస్ట్ ఏం చూస్తుంది, ఏం చూడదు

మొత్తం నిర్ణయం దీని మీదే ఆధారపడి ఉంది కాబట్టి కాస్త నిదానంగా చూద్దాం.

బుకింగ్ సృష్టించే ఎండ్‌పాయింట్‌కు మామూలుగా రాసే టెస్ట్ ఇలా ఉంటుంది. మాకిటో అనే లైబ్రరీతో బుకింగ్ సర్వీస్ మాక్ చేస్తారు. న్యూ పెట్టి కంట్రోలర్ ఆబ్జెక్ట్ తయారు చేస్తారు. క్రియేట్ మెథడ్‌కు ఒక డీటీఓ (రిక్వెస్ట్ డేటాను మోసే ఆబ్జెక్ట్) ఇచ్చి పిలుస్తారు. మాక్ ఇచ్చిన ఆబ్జెక్టే తిరిగి వచ్చిందా, సర్వీస్‌ని ఒకసారి పిలిచిందా అని చూస్తారు. మిల్లీసెకన్లలో నడుస్తుంది, ఎప్పుడూ గ్రీన్.

ఇప్పుడు ఆ కంట్రోలర్‌ని కావాలని పాడు చేసి చూడండి.

రిక్వెస్ట్‌బాడీ యానొటేషన్ తీసేయండి. స్ప్రింగ్ ఇక జేసన్‌ని చదవదు. విలువల కోసం ఫారం పారామీటర్లు చూస్తుంది. ఫీల్డులన్నీ ఖాళీగా వస్తాయి. నేరుగా పిలిచే టెస్ట్ మాత్రం గ్రీన్.

వ్యాలిడ్ యానొటేషన్ తీసేయండి. పేరు లేని ప్రయాణికుడు, మైనస్ సీట్లు, అన్నీ లోపలికి వచ్చేస్తాయి. టెస్ట్ గ్రీన్. ఎందుకంటే ఆ యానొటేషన్ ఉన్నప్పుడు కూడా నేరుగా పిలిస్తే వ్యాలిడేషన్ జరగదు. దాన్ని నడిపేది ఫ్రేమ్‌వర్క్, మెథడ్ కాదు.

ప్రయాణికుల జాబితా మీద వ్యాలిడ్ పెట్టడం మర్చిపోయారనుకోండి. ప్యాసింజర్ క్లాస్‌లో పేరు ఖాళీగా ఉండకూడదని రాసి ఉంటుంది, కానీ బయటి డీటీఓలో ఆ జాబితాకు వ్యాలిడ్ లేకపోతే లోపలి నియమాలను ఎవరూ చూడరు. రివ్యూలో కంటికి ఆనదు, ప్రొడక్షన్‌కు వెళ్లాకే బయటపడుతుంది.

ఐడీఈలో ఒక ఫీల్డ్ పేరు మార్చండి. డీటీఓలో సీట్‌నంబర్ అన్నదాన్ని రీఫ్యాక్టర్ ఆప్షన్‌తో సీట్‌నో చేస్తే, ఐడీఈ జావా కోడ్ అంతటా మారుస్తుంది, టెస్టుల్లో కూడా. అన్నీ గ్రీన్. జేసన్‌లో కీ మారిపోయిందని, మొబైల్ యాప్ ఇంకా పాత పేరే పంపుతోందని చెప్పేవాళ్లు లేరు.

ఫ్రేమ్‌వర్క్ అప్‌గ్రేడ్‌లోనూ ఇంతే. స్ప్రింగ్ బూట్ 3కి వచ్చాక యూఆర్ఎల్ చివర అదనపు స్లాష్ ఉంటే డిఫాల్ట్‌గా మ్యాచ్ అవ్వదు, 404 వస్తుంది. 3.2 నుంచి, కంపైలర్‌కు పారామీటర్ల పేర్లు ఉంచమనే ఫ్లాగ్ ఇవ్వకపోతే, పేరు రాయని పాత్‌వేరియబుల్ (యూఆర్ఎల్‌లోంచి విలువ తీసే యానొటేషన్) దగ్గర రిక్వెస్ట్ ఎర్రర్‌తో ఆగిపోతుంది. కంట్రోలర్ మెథడ్‌ని జావా నుంచి నేరుగా పిలిచే టెస్టులకు ఇవేవీ తెలియవు.

అది పట్టుకునేది ఏమిటంటే, సర్వీస్‌కు పంపాల్సిన విలువలు తారుమారు కావడం, నల్ వచ్చినప్పుడు పడిపోవడం, తప్పు సర్వీస్ మెథడ్‌ని పిలవడం. ఇవి కూడా నిజమైన బగ్సే. కానీ రిక్వెస్ట్ పంపే టెస్ట్ వీటన్నిటినీ కూడా పట్టుకుంటుంది. అలాంటప్పుడు రెండూ రాయడంలో అర్థం లేదు.

## 5. తేల్చుకునే ప్రశ్నలు

ఒక్కో ఎండ్‌పాయింట్‌కు ఇవి వరుసగా వేసుకోండి. ముందు వచ్చిన "అవును" దగ్గర ఆగండి.

1. కంట్రోలర్‌లో వ్యాపార నిర్ణయం ఉందా? ఉంటే 3వ భాగానికి వెళ్లండి. తర్వాత మళ్లీ ఇక్కడికి రండి.
2. రిక్వెస్ట్‌ని మార్చే కోడ్ చిక్కుగా ఉందా? తేదీల రేంజ్ విడగొట్టడం, సార్టింగ్ పారామీటర్ చదవడం, పాత వెర్షన్ జేసన్‌ని కొత్తదిగా మలచడం లాంటివి. ఉంటే ఆ మార్పిడిని విడి మ్యాపర్ క్లాస్ చేసి దానికి యూనిట్ టెస్ట్ రాయండి. కంట్రోలర్‌కు ఒక స్లైస్ టెస్ట్ (వెబ్ లేయర్‌ని మాత్రమే లేపి రిక్వెస్ట్ పంపే టెస్ట్, 6వ భాగంలో ఉంది) చాలు.
3. బయటివాళ్లు గానీ మొబైల్ యాప్ గానీ వాడుతున్నారా? వ్యాలిడేషన్, అనుమతులు ఏమైనా ఉన్నాయా? ఉంటే స్లైస్ టెస్ట్ తప్పనిసరి.
4. ఈ ఎండ్‌పాయింట్ గుండా వెళ్లే ఇంటిగ్రేషన్ టెస్ట్ (లేయర్లన్నిటినీ కలిపి నడిపేది) ఇప్పటికే ఉందా? స్టేటస్ కోడ్, జేసన్ రెండూ అందులో చూస్తున్నారా? అయితే సంతోషం. ఇంకేమీ రాయకండి.
5. ఏదీ లేదు, ఇంటర్నల్ వాడకం మాత్రమే, ఒక సింపుల్ గెట్. ఒకే ఒక స్లైస్ టెస్ట్: యూఆర్ఎల్ పనిచేస్తోంది, 200 వస్తోంది, ముఖ్యమైన ఒకటి రెండు ఫీల్డులు ఉన్నాయి.

ఈ జాబితాలో "సర్వీస్‌ని మాక్ చేసి కంట్రోలర్‌ని నేరుగా పిలిచే టెస్ట్" ఎక్కడా రాలేదు. అది కావాలనే. స్లైస్ టెస్ట్ పెట్టే సౌకర్యం లేని పాత ఫ్రేమ్‌వర్క్‌లో ఇరుక్కున్నవాళ్లు తప్ప, దానికోసం వెతకాల్సిన అవసరం నాకు కనిపించదు.

## 6. స్లైస్ టెస్ట్ రాసే క్రమం

స్లైస్ టెస్ట్ అంటే వెబ్ లేయర్‌ని మాత్రమే లేపి, సర్వీస్‌ని మాక్‌గా ఉంచడం. స్ప్రింగ్ బూట్‌లో దీనికి వెబ్ఎంవీసీటెస్ట్ యానొటేషన్ ఉంది, 1.4 వెర్షన్ నుంచీ. ఇది కంట్రోలర్లు, కంట్రోలర్ అడ్వైస్ క్లాసులు (ఎక్సెప్షన్లను రెస్పాన్స్‌గా మార్చేవి), ఫిల్టర్లు, జేసన్ సెట్టింగులు లోడ్ చేస్తుంది. సర్వీసులు, రిపాజిటరీలు లోడ్ చేయదు. పోర్ట్ తెరవదు, డేటాబేస్ అడగదు.

1. టెస్ట్ క్లాస్ మీద వెబ్ఎంవీసీటెస్ట్ పెట్టి, ఏ కంట్రోలర్ కావాలో దాని పేరు ఇవ్వండి. ఇవ్వకపోతే అన్ని కంట్రోలర్లూ లోడ్ అవుతాయి, వాటి సర్వీసులన్నిటికీ మాకులు అడుగుతుంది.
2. సర్వీస్‌ని మాకిటోబీన్ యానొటేషన్‌తో మాక్‌గా ప్రకటించండి. పాత మాక్‌బీన్‌ని స్ప్రింగ్ బూట్ 3.4లో డెప్రికేట్ చేశారు. కొత్త కోడ్‌లో దాన్ని వాడకండి.
3. మీ సెక్యూరిటీ సెట్టింగులు విడి కాన్ఫిగరేషన్ క్లాస్‌లో ఉంటే, దాన్ని ఇంపోర్ట్ యానొటేషన్‌తో తెచ్చుకోండి. తేకపోతే మీ నియమాలకు బదులు స్ప్రింగ్ సెక్యూరిటీ డిఫాల్టులు నడుస్తాయి.
4. ముందు అంతా సవ్యంగా ఉన్న కేస్ రాయండి. జేసన్‌ని స్ట్రింగ్‌గా చేత్తో రాసి, పోస్ట్ చేసి, 201 వచ్చిందా, లొకేషన్ హెడర్‌లో కొత్త బుకింగ్ యూఆర్ఎల్ ఉందా, బాడీలో బుకింగ్ ఐడీ ఉందా చూడండి.
5. సర్వీస్‌కు చేరిన ఆబ్జెక్ట్‌ని ఆర్గ్యుమెంట్ క్యాప్టర్‌తో పట్టుకుని, జేసన్‌లో రాసిన విలువలే వచ్చాయా చూడండి. రిక్వెస్ట్‌బాడీ మర్చిపోయినా, ఫీల్డ్ పేరు మారినా ఇక్కడ దొరికిపోతుంది.
6. తర్వాత తప్పు రిక్వెస్టులు: ఖాళీ పేరు, సున్నా సీట్లు, విరిగిన జేసన్. 400 రావాలి. సర్వీస్‌ని అసలు పిలవలేదని కూడా చూడండి.
7. సర్వీస్ విసిరే ఎక్సెప్షన్లు: బుకింగ్ లేదంటే 404, సీటు అప్పటికే పోయిందంటే 409. మీ కంట్రోలర్ అడ్వైస్ సరిగ్గా మారుస్తోందా అన్నది ఇక్కడే తేలుతుంది.
8. చివరగా అనుమతులు: లాగిన్ లేకుండా 401, సరైన రోల్ లేకుండా 403.

నాలుగో అడుగులో "చేత్తో రాసి" అన్నది ఊరికే అనలేదు. చాలామంది అదే డీటీఓని ఆబ్జెక్ట్‌మ్యాపర్‌తో జేసన్‌గా మార్చి పంపుతారు. అప్పుడు ఫీల్డ్ పేరు మారితే పంపేవైపు, అందుకునేవైపు కలిసే మారతాయి, టెస్ట్‌కు తేడా తెలియదు. స్ట్రింగ్‌గా రాసిన జేసన్ మొబైల్ యాప్ పంపే జేసన్‌తో సమానం. జావాలో టెక్స్ట్ బ్లాకులు వచ్చాక అది రాయడం కష్టం కూడా కాదు.

## 7. ఎన్ని కేసులు చాలు?

వ్యాలిడేషన్‌లో పది నియమాలుంటే పది స్లైస్ టెస్టులు కావాలా? నా లెక్క ఇది: వ్యాలిడేషన్ జరుగుతోందని చూపడానికి ఒకటి, లోపలి ఆబ్జెక్టులదాకా వెళ్తోందని చూపడానికి ఒకటి, ఎర్రర్ రెస్పాన్స్ జేసన్ ఆకారం చూడటానికి ఒకటి. మిగతా నియమాలను పారామీటరైజ్డ్ టెస్ట్‌గా ఒకేచోట పెట్టొచ్చు, లేదా వ్యాలిడేటర్‌ని నేరుగా వాడి డీటీఓ మీదే టెస్ట్ చేయొచ్చు.

ఒక చిన్న జాగ్రత్త. సీట్ల సంఖ్యను ఇంట్‌గా ప్రకటించి దాని మీద నాట్‌నల్ పెట్టడం తరచూ చూస్తుంటాను. జేసన్‌లో ఆ ఫీల్డ్ లేకపోతే జాక్సన్ 2 (జేసన్ చదివే లైబ్రరీ) డిఫాల్ట్‌గా అందులో సున్నా పెడుతుంది. నల్ ఎప్పటికీ రాదు, నాట్‌నల్ ఎప్పటికీ పనిచేయదు. ఇంటీజర్ చేయండి, లేదా కనీసం 1 ఉండాలని నియమం పెట్టండి. ఫీల్డ్ లేకుండా పంపే కేస్ ఒకటి తప్పకుండా రాయండి.

వేరే మనిషి టికెట్‌ని ఇంకొకరు రద్దు చేయకుండా ఆపడం మాత్రం స్లైస్ టెస్ట్‌కు వదలకండి. ఆ తనిఖీ డేటాతో ముడిపడింది, ఉండాల్సింది సర్వీస్‌లో. సర్వీస్ యూనిట్ టెస్ట్‌లోనూ, నిజమైన డేటాబేస్‌తో నడిచే ఒక ఇంటిగ్రేషన్ టెస్ట్‌లోనూ దాన్ని చూడండి. డబ్బు, భద్రత ఉన్నచోట ఒకే విషయాన్ని రెండుచోట్ల చూడటం దండగ కాదు.

## 8. తరచూ జరిగే పొరపాట్లు, వాటికి మందు

గెట్ పాస్ అవుతుంది, పోస్ట్‌కు 403 వస్తుంది. సెక్యూరిటీ డిఫాల్టుల్లో సీఎస్ఆర్ఎఫ్ రక్షణ (వేరే సైట్ మన యూజర్ పేరుతో రిక్వెస్ట్ పంపకుండా ఆపేది) ఆన్‌లో ఉంటుంది. మీ ఏపీఐ టోకెన్లతో నడుస్తూ దాన్ని ఆఫ్ చేసి ఉంటే, మీ సెక్యూరిటీ కాన్ఫిగరేషన్‌ని ఇంపోర్ట్ చేయండి. నిజంగానే ఆన్‌లో ఉంటే, టెస్ట్ లైబ్రరీలో ఇచ్చే సీఎస్ఆర్ఎఫ్ టోకెన్‌ని రిక్వెస్ట్‌కు జతచేయండి. ఫిల్టర్లను మొత్తంగా ఆపేసి పాస్ చేయించకండి. అనుమతుల టెస్టులన్నీ దాంతో పనికిరాకుండా పోతాయి.

ప్రీఆథరైజ్ (మెథడ్‌ని ఎవరు పిలవొచ్చో చెప్పే యానొటేషన్) పెట్టినా అందరికీ 200 వస్తుంది. మెథడ్ సెక్యూరిటీని ఆన్ చేసే కాన్ఫిగరేషన్ స్లైస్‌లోకి రాలేదు. మందు అదే, ఇంపోర్ట్. ఇది పైదానికన్నా ప్రమాదం. అక్కడ టెస్ట్ ఫెయిలవుతుంది కాబట్టి కనిపిస్తుంది. ఇక్కడ సరైన రోల్ ఉన్న కేస్ మాత్రమే రాసుకుంటే అంతా బాగున్నట్టే ఉంటుంది.

200 వచ్చింది, బాడీ ఖాళీ. మాక్‌కు ఇచ్చిన ఆర్గ్యుమెంట్, కంట్రోలర్ పంపినది మ్యాచ్ కాలేదు. మాకిటో నల్ ఇచ్చింది, కంట్రోలర్ దాన్నే ఓకే అని పంపింది. సర్వీస్ ఆప్షనల్ (విలువ ఉండొచ్చు, లేకపోవచ్చు అని చెప్పే జావా రకం) ఇచ్చేదైతే ఖాళీ ఆప్షనల్ వచ్చి 404 అవుతుంది. స్టేటస్ ఒక్కటే చూసి వదిలేయకుండా బాడీలో ఒక ఫీల్డ్ చూస్తే ఇలాంటివి దాగవు.

తేదీలు ప్రొడక్షన్‌లో స్ట్రింగ్‌గా, టెస్ట్‌లో అంకెల జాబితాగా వస్తున్నాయి. మాక్ఎంవీసీని (సర్వర్ లేకుండా రిక్వెస్ట్ పంపే స్ప్రింగ్ టెస్ట్ సాధనాన్ని) స్టాండలోన్ పద్ధతిలో, అంటే కంట్రోలర్‌ని మాత్రమే ఇచ్చి కడితే స్ప్రింగ్ బూట్ జేసన్ సెట్టింగులు అందులోకి రావు. స్ప్రింగ్ బూట్ 3లో జాక్సన్ తేదీలను స్ట్రింగ్‌గా రాసేలా బూటే సెట్ చేస్తుంది, స్టాండలోన్‌లో ఆ సెట్టింగ్ ఉండదు. వెబ్ఎంవీసీటెస్ట్‌కు మారండి.

క్వెరీ పారామీటర్ తప్పైతే 400 బదులు 500 వస్తోంది. కంట్రోలర్ క్లాస్ మీద వ్యాలిడేటెడ్ యానొటేషన్ ఉంటే, నియమం తప్పినప్పుడు కన్‌స్ట్రెయింట్ వయొలేషన్ ఎక్సెప్షన్ పడుతుంది, దాన్ని ఎవరూ పట్టుకోకపోతే 500. స్ప్రింగ్ ఫ్రేమ్‌వర్క్ 6.1 (స్ప్రింగ్ బూట్ 3.2లో ఉండేది) నుంచి ఎంవీసీలోనే, అంటే దాని వెబ్ లేయర్‌లోనే ఈ వ్యాలిడేషన్ ఉంది, క్లాస్ మీది యానొటేషన్ తీసేస్తే 400 వస్తుంది.

ఎర్రర్ వచ్చినప్పుడు బాడీ ఖాళీగా ఉంది. మాక్ఎంవీసీ నిజమైన సర్వర్ కాదు. ఎర్రర్ పేజీకి ఫార్వర్డ్ చేసే పని సర్వర్‌ది, అది ఇక్కడ జరగదు. మీ ఎర్రర్ జేసన్ కంట్రోలర్ అడ్వైస్ నుంచి వస్తే కనిపిస్తుంది. బూట్ డిఫాల్ట్ ఎర్రర్ బాడీని చూడాలంటే నిజమైన పోర్ట్‌తో నడిచే టెస్ట్ కావాలి.

స్లైస్ టెస్టులే నిమిషాలు తింటున్నాయి. స్ప్రింగ్ ఒకసారి లేపిన కాంటెక్స్ట్‌ని (లోడ్ చేసిన ఆబ్జెక్టుల మొత్తాన్ని) దాచుకుని మళ్లీ వాడుతుంది, కానీ మాకుల జాబితా మారితే కొత్తది లేపుతుంది. ఒక కంట్రోలర్ టెస్టులు ఐదు క్లాసుల్లో ఐదు రకాల మాకులతో ఉంటే ఐదుసార్లు లేస్తుంది. ఒక కంట్రోలర్‌కు ఒకే క్లాస్, ఒకే మాకుల జట్టు పెట్టండి.

ఎంటిటీనే (డేటాబేస్ టేబుల్‌కు సరిపోలే క్లాస్‌నే) రెస్పాన్స్‌గా పంపుతున్నారు. టేబుల్‌కు కొత్త కాలమ్ చేరిన రోజే అది బయటికి వెళ్లిపోతుంది. రెస్పాన్స్‌కు విడి డీటీఓ పెట్టండి. అప్పటిదాకా పాస్‌వర్డ్ హ్యాష్ లాంటి ఫీల్డులు జేసన్‌లో లేవని చూసే టెస్ట్ ఒకటి ఉంచండి.

## 9. కవరేజ్ గేట్ అడ్డుపడితే

"అదంతా సరే, నేరుగా పిలిచే టెస్టులు లేకపోతే సోనార్ ఒప్పుకోదు" అనేవాళ్లకు: సోనార్‌క్యూబ్ (కోడ్ నాణ్యతను తనిఖీ చేసే సాధనం) డిఫాల్ట్ క్వాలిటీ గేట్ కొత్త కోడ్‌లో 80 శాతం కవరేజ్ అడుగుతుంది. ఏ రకం టెస్ట్ వల్ల ఆ లైన్ నడిచిందో అది అడగదు. జావా కవరేజ్ కొలిచే జాకోకో, స్లైస్ టెస్ట్‌లో నడిచిన లైన్లనూ లెక్కలోకి తీసుకుంటుంది. కాబట్టి స్లైస్ టెస్టులున్న కంట్రోలర్‌కు కవరేజ్ లోటు సాధారణంగా రాదు.

వస్తే ముందు చూడాల్సింది బిల్డ్ సెట్టింగ్. స్లైస్ టెస్టులు ఇంటిగ్రేషన్ టెస్టుల దశలో నడుస్తూ, రిపోర్ట్ యూనిట్ టెస్టుల దశ నుంచే తీస్తుంటే ఆ లైన్లు లెక్కకు రావు. రెండు దశల రిపోర్టులను కలపండి. కంట్రోలర్ ప్యాకేజీని కవరేజ్ నుంచే తప్పించడం నాకు ఇష్టం ఉండదు. అలా చేస్తే రేపు అందులో వ్యాపార లాజిక్ చేరినా ఎవరికీ తెలియదు.

## 10. డాట్‌నెట్, రైల్స్ వాళ్లకు

ఏఎస్‌పీ డాట్‌నెట్ కోర్‌లోనూ ఇదే పరిస్థితి. యాక్షన్ మెథడ్‌ని నేరుగా పిలిస్తే రూటింగ్, మోడల్ బైండింగ్, ఫిల్టర్లు నడవవు. మోడల్‌స్టేట్ (వ్యాలిడేషన్ ఫలితం) ఎప్పుడూ వ్యాలిడ్ అనే చెప్తుంది, ఏపీఐకంట్రోలర్ యాట్రిబ్యూట్ ఇచ్చే ఆటోమేటిక్ 400 కూడా రాదు. వెబ్‌అప్లికేషన్‌ఫ్యాక్టరీ వాడండి. అది మొత్తం అప్లికేషన్‌ని మెమరీలోనే లేపుతుంది, కాబట్టి డేటాబేస్, బయటి సర్వీసులను టెస్ట్ కోసం మార్చుకోవడం మీ బాధ్యత.

రైల్స్‌లో ఈ చర్చ 2016లోనే ఒక కొలిక్కి వచ్చింది. రైల్స్ 5లో, కంట్రోలర్ లోపలి వేరియబుల్స్‌ని చూసే సౌకర్యాన్ని విడి జెమ్‌లోకి (రూబీ లైబ్రరీలోకి) మార్చేశారు. రూబీ టెస్ట్ సాధనం ఆర్‌స్పెక్ 3.5 కూడా కంట్రోలర్ స్పెక్స్ (స్పెక్ అంటే అందులో టెస్టే) బదులు రిక్వెస్ట్ స్పెక్స్ రాయమంది. మీ ప్రాజెక్టులో ఇంకా కంట్రోలర్ స్పెక్స్ ఉంటే, ఆ ఫైల్‌ని తాకినప్పుడల్లా రిక్వెస్ట్ స్పెక్‌గా మార్చుకుంటూ పోండి.

## 11. ఇప్పటికే రాసిపెట్టిన పాత టెస్టులను ఏం చేయాలి?

ఒకేసారి అన్నీ తీసేయకండి. కంట్రోలర్‌కు ఒకటి చొప్పున ఇలా చేయండి:

1. ముందుగా స్లైస్ టెస్టులు రాయండి.
2. కంట్రోలర్‌ని ఒక్కోసారి ఒక్కోలా పాడు చేయండి: యూఆర్ఎల్‌లో ఒక అక్షరం మార్చండి, వ్యాలిడ్ తీయండి, రిక్వెస్ట్‌బాడీ తీయండి, స్టేటస్ కోడ్ మార్చండి, సర్వీస్‌కు పంపే రెండు విలువలు తారుమారు చేయండి, జేసన్ ఫీల్డ్ పేరు మార్చండి.
3. ప్రతిసారీ ఏ టెస్ట్ ఎరుపు అయిందో రాసుకోండి, కోడ్‌ని వెనక్కి మార్చండి.
4. పాత టెస్ట్ పట్టుకున్న ప్రతిదాన్నీ కొత్తది కూడా పట్టుకుంటే, పాతది తీసేయండి.
5. పాతది మాత్రమే పట్టుకున్నది ఏదైనా ఉంటే, ఆగి చూడండి. చాలాసార్లు అది కంట్రోలర్‌లో మిగిలిపోయిన ఒక ఇఫ్ అయ్యుంటుంది. దాన్ని సర్వీస్‌లోకి దించి, టెస్ట్‌ని కూడా అక్కడికి మార్చండి.
6. ఏమీ పట్టుకోని టెస్ట్ పేరును పుల్ రిక్వెస్ట్‌లో రాసి, ఏయే మార్పులకు అది గ్రీన్‌గానే ఉందో జాబితా పెట్టండి. తీసేయడానికి రివ్యూయర్ ఒప్పుకోవాలంటే ఆ జాబితా చాలు.

ఎక్కడి నుంచి మొదలుపెట్టాలో తెలియకపోతే, మొదటి భాగంలో గిట్ చరిత్ర నుంచి తీసిన జాబితాలో ఎక్కువ బగ్స్ వచ్చిన కంట్రోలర్‌ని తీసుకోండి. అందులోనూ మొబైల్ యాప్ వాడే పోస్ట్ ఎండ్‌పాయింట్‌ని ముందు పట్టుకోండి. ఆ ఒక్కదానికి ఈ ఆరు అడుగులు పూర్తిచేసి, గిట్ రిపాజిటరీలో మెర్జ్ అయ్యాక రెండోదానికి వెళ్లండి.